పిల్లలకి పేగు ఆపరేషన్ అయ్యాక: తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మా బాబు హిర్ష్‌స్ప్రంగ్ జబ్బుతో పుట్టాడు. ఈ జబ్బులో పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలు ఉండవు. ఆ ముక్క కదలదు, మలాన్ని ముందుకి తోయదు, దాని పైనున్న పేగంతా ఉబ్బిపోతుంది. సుమారు 5000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. మావాడికి మూడు విడతల్లో చేశారు. ముందు పొట్టమీద దారి పెట్టారు (కొలాస్టమీ). తర్వాత నాడీకణాలు లేని ముక్క తీసేసి, మంచి పేగుని కిందికి లాగి మలద్వారం దగ్గర కుట్టారు (పుల్-త్రూ). ఆఖర్న పొట్టమీది దారి మూసేశారు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచి పిల్లల్ని ఎత్తుకుని విశాఖ వచ్చేవాళ్ళకి వార్డులో ఎవరో ఒకరు నా నంబరు ఇస్తుంటారు. ఫోన్ చేసేవాళ్ళు మారతారు గానీ సందేహాలు అవే. అందుకని రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నేను డాక్టర్ని కాదు, ఒక తల్లిని. మీ డిశ్చార్జ్ కాగితం ఒకటి చెప్పి ఇక్కడ ఇంకోటి కనిపిస్తే, కాగితం మాటే వినండి.

## ఆసుపత్రిలో మొదటి రోజులు

ఆపరేషన్ అయి రెండ్రోజులైంది, ఇంకా చుక్క పాలు పట్టనివ్వట్లేదు. ఆకలికి ఏడుస్తుంటే చూడలేకపోతున్నాం. కొంచెం తాగిస్తే ఏమవుతుంది?

తాగించకండి. పేగుమీద చెయ్యి పడితే అది కొన్నాళ్ళు కదలడం మానేస్తుంది. కదలని పేగులోకి పాలు వెళ్తే వాంతి అవుతుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కొత్తగా కుట్టిన చోట ఒత్తిడి పడుతుంది. ఒంటికి కావలసిన నీళ్ళు, ఉప్పు, చక్కెర సెలైన్లో అందుతూనే ఉంటాయి. డాక్టర్లు రౌండ్స్‌కి రాగానే "గ్యాస్ పోయిందా?" అని అడిగేది ఇందుకే. గ్యాస్ పోవడం, పొట్ట మెత్తబడడం, ముక్కు గొట్టంలో వచ్చే ఆకుపచ్చ నీళ్ళు తగ్గడం చూశాకే చెంచాలతో మొదలుపెడతారు. ఈలోపు తడి దూదితో పెదాలు తడపొచ్చు, నర్సుని అడిగి ఒళ్ళో పెట్టుకోవచ్చు. పాలిచ్చే తల్లులు మూడేసి గంటలకోసారి పాలు పిండుతూ ఉండండి, లేకపోతే వాడికి పాలు పట్టే రోజు వచ్చేసరికి మీకు పాలు ఎండిపోతాయి. అందరూ నిద్రపోయాక పంచదార నీళ్ళలో వేలు ముంచి నాకించే అమ్మమ్మలు ప్రతి వార్డులోనూ ఉంటారు. వాళ్ళమీద ఓ కన్నేసి ఉంచండి.

ముక్కు గొట్టంలోంచి ఆకుపచ్చ నీళ్ళు వస్తున్నాయి. లోపల ఏదైనా తేడా చేసిందా?

అది పైత్యరసం. పేగు కదలనప్పుడు పొట్టలోకి ఎగదన్నుతుంది, దాన్ని బయటికి తియ్యడానికే రైల్స్ ట్యూబ్ వేస్తారు. రోజురోజుకీ తగ్గుతూ, రంగు పలచబడుతూ రావాలి. తగ్గినది మళ్ళీ ఒక్కసారిగా పెరిగినా, నెత్తురు కనిపించినా, గొట్టంలో ఏమీ రాకుండా పొట్ట మాత్రం బిగుసుకుంటున్నా నర్సుకి వెంటనే చెప్పండి. పిల్లాడు పీకేసుకుంటే మీరు మళ్ళీ లోపలికి తొయ్యకండి.

నొప్పి ఉందో లేదో మాటలు రాని పిల్లాడు ఎలా చెప్తాడు?

ఏడుపు ఒక్కటే గుర్తు కాదు. మోకాళ్ళు పొట్టకేసి ముడుచుకోవడం, నుదురు చిట్లించడం, ఎత్తుకున్నా ఊరుకోకపోవడం, నిద్ర పట్టగానే ఉలిక్కిపడడం చూడండి. అసలు కదలకుండా కొయ్యలా పడుకున్న పిల్లాడికీ నొప్పి ఉండొచ్చు, కదిలితే నొప్పెడుతుందని అలా ఉంటాడు. బుద్ధిగా పడుకున్నాడని మనం సంబరపడతాం. నొప్పి మందు ఏడుపు మొదలయ్యాక వేసేకన్నా రాసిచ్చిన వేళకి వేస్తే బాగా పనిచేస్తుంది. మోతాదు బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి పక్క మంచం పిల్లాడి సీసా తెచ్చి వేయకండి.

ఎత్తుకుంటే కుట్లు ఊడతాయా?

ఊడవు. మెడకింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేసి, పొట్ట ఒత్తుకోకుండా ఎత్తుకోండి. చంకలు పట్టుకుని లేపకండి. గొట్టాలు ఎటు ఉన్నాయో చూసుకుని కదపండి. నడిచే వయసు పిల్లల్ని డాక్టర్లే తొందరగా లేపి నడిపిస్తారు, పేగు కదలడానికి అది మేలు.

చూడ్డానికి వచ్చే చుట్టాల్ని ఎలా ఆపాలి?

డాక్టర్‌గారు తిట్టారని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.

## పొట్టమీద సంచి ఉన్న నెలలు

పొట్టమీద ఎర్రగా మాంసం ముద్దలా ఉంది. అది పుండా? ముట్టుకుంటే నొప్పా?

పుండు కాదు. పేగు కొసని బయటికి తెచ్చి చర్మానికి కుట్టారు, దాన్నే స్టోమా అంటారు. మన నోటి లోపలి బుగ్గలా ఎర్రగా, తడిగా ఉండడమే దాని ఆరోగ్యం. దానికి స్పర్శ నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు ఒకటి రెండు నెత్తురు చుక్కలు అంటడం మామూలే. నొప్పి, మంట ఉండేది చుట్టూ ఉన్న చర్మానికి, మీ శ్రద్ధంతా దానిమీద పెట్టండి. స్టోమా ఊదాగానో నల్లగానో మారితే మాత్రం నెత్తురు అందట్లేదని అర్థం, అదే గంటలో బయల్దేరండి.

పొద్దున్న అంటించిన బ్యాగు సాయంత్రానికి ఊడొస్తోంది. ఈ విశాఖ ఉక్కపోతలో నిలబడేదెలా?

ఈ ప్రశ్న ఏప్రిల్ వచ్చిందంటే వరసకట్టి వస్తుంది. సముద్రపు గాలి చెమట ఆరనివ్వదు. చెమట చర్మంమీద బ్యాగు జిగురు పట్టదు.

బ్యాగు మార్చే వేళ ముందు ఎంచుకోండి. తాగిన వెంటనే మారిస్తే మధ్యలో మలం వచ్చేస్తుంది, కడుపు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు మార్చండి. పాతదాన్ని పీకకండి, చర్మాన్ని ఒక వేలితో నొక్కిపెట్టి, తడి దూదితో అంచు నుంచి వదిలించండి. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. తర్వాత ఫ్యాన్ కింద అయిదు నిమిషాలు పూర్తిగా ఆరనివ్వండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఆరినట్టు కనిపిస్తుంది, వేలి వెనక భాగంతో తాకితే ఇంకా చల్లగా తగులుతుంది. చల్లదనం పోయేదాకా ఆగండి.

కన్నం స్టోమాకన్నా చుట్టూ 2 మిల్లీమీటర్లు పెద్దదిగా కత్తిరించండి. మరీ వదులైతే మలం చర్మానికి తగిలి కాల్చేస్తుంది, మరీ బిగువైతే పేగుని కోస్తుంది. మొదటి వారాల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతూ ఉంటుంది, కాబట్టి పాత కొలతతో పది బ్యాగులు ఒకేసారి కత్తిరించి పెట్టుకోకండి. జిగురు పలకని రెండు అరచేతుల మధ్య ఓ నిమిషం వెచ్చబెట్టి, అంటించాక అరచెయ్యి వేసి ఇంకో నిమిషం ఉంచండి. ఆ చర్మానికి కొబ్బరినూనె, బేబీ లోషన్, నూనె ఉండే తడి వైప్స్ ఏవీ తగలకూడదు. మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యండి, బరువుకే సగం బ్యాగులు ఊడతాయి. గాలితో ఉబ్బితే క్లిప్పు తీసి గాలి వదిలెయ్యండి. కొత్త బ్యాగుల్ని స్కూటర్ డిక్కీలో దాచకండి, ఎండకి జిగురు చెడిపోతుంది.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వినగానే పాలు, కొవ్వొత్తులతో పాటు రెండు వారాల బ్యాగులు కూడా తెచ్చి పెట్టుకోండి. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

బ్యాగులు కొనలేం. గుడ్డ కట్టొచ్చా?

కొలాస్టమీ అయితే కట్టొచ్చు, చిన్నపిల్లల విషయంలో చాలాచోట్ల డాక్టర్లే అలా చెప్తారు. ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలుచీర ముక్క మడతపెట్టి స్టోమామీద వేసి, పైన డయపర్‌నో గుడ్డపట్టీనో నడుముకి వదులుగా కట్టండి. చుట్టూ చర్మానికి జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ వాసెలిన్ గానీ దట్టంగా పట్టించండి. తడిసిన వెంటనే మార్చాలి, అసలు కష్టమంతా అందులోనే ఉంది. చిన్నపేగుకి దారి పెట్టినవాళ్ళకి (ఇలియాస్టమీ) గుడ్డ పద్ధతి పనికిరాదు. ఆ మలం నీళ్ళగా ఉండి చర్మాన్ని గంటల్లో తినేస్తుంది.

స్నానం, నూనె మర్దన, సాంబ్రాణి మానెయ్యాలా?

కుట్ల గాయం ఆరిందని డాక్టర్ చెప్పాక స్నానం మామూలుగా చేయించొచ్చు. స్టోమాలోంచి నీళ్ళు లోపలికి పోవు, బ్యాగు తీసేసి కూడా పోయొచ్చు. మర్దన కాళ్ళకి, చేతులకి, వీపుకి చెయ్యండి, పొట్ట జోలికి పోవద్దు. సాంబ్రాణి పొగ మానెయ్యమనే నా సలహా. మత్తుమందు తీసుకున్న ఊపిరితిత్తులకి పొగ అక్కర్లేదు, దగ్గితే కుట్లు కూడా లాగుతాయి.

ఏడ్చినప్పుడు పేగు తొండంలా బయటికొచ్చింది!

భయపెట్టే దృశ్యమే గానీ పిల్లల స్టోమాల్లో ఇది జరుగుతుంటుంది. పడుకోబెట్టి, ఏడుపు ఆపి, శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. ఎర్రగా ఉండి, మలం వస్తూ, వాడు హాయిగా ఉంటే మీ సర్జన్‌కి ఫోన్ చేసి మర్నాడు చూపించండి. రంగు నల్లబడినా, మలం ఆగిపోయినా, వాంతులు మొదలైనా క్షణం ఆగొద్దు. మీరే లోపలికి నెట్టే ప్రయత్నం, ఎవరైనా నేర్పితే తప్ప, చేయకండి.

దాన్ని చూస్తే నాకే అసహ్యం వేస్తోంది. నేనేం తల్లిని?

అలా అనిపించని తల్లి నాకింకా తగల్లేదు. కొన్నాళ్ళకి చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది: వార్డులో నర్సు బ్యాగు మార్చడం నేర్పేటప్పుడు నాన్నని కూడా పక్కన నిలబెట్టండి. మందులు తేవడానికి కిందికి పంపడం తర్వాత. ఇంట్లో ఒక్క మనిషికే వస్తే, ఆ మనిషికి జ్వరమొచ్చిన రోజు ఇల్లు తలకిందులవుతుంది.

## తిండీ నీళ్ళూ

పప్పు, వంకాయ పెడితే కుట్లు చీము పడతాయని మా అత్తగారు అంటున్నారు. నిజమా?

చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, గుడ్డులో, పెరుగులో, చేపలో ఉన్నాయి. నెల రోజులు చారన్నంమీద పెట్టిన పిల్లాడి గాయం ఆలస్యంగా మానుతుంది. అత్తగారితో వాదనకి దిగడంకన్నా ఓపీకి వెంటపెట్టుకెళ్ళి, ఆవిడ చేతే డాక్టర్ని అడిగించండి. మా ఇంట్లో తెల్లారేసరికి పప్పు ఉడికింది.

ఇంటికొచ్చాక ఏం పెట్టాలి, ఏది మానాలి?

ఆరు నెలల్లోపు వాళ్ళకి తల్లిపాలే. ఆపై వయసు పిల్లలకి మెత్తటి అన్నం, పలచటి పప్పు, ఇడ్లీ, పెరుగు, సగ్గుబియ్యం జావ, అరటిపండు, ఉడికించిన గుడ్డుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కొత్త పదార్థం రోజుకి ఒకటే, ఏది పడలేదో తెలుస్తుంది. మలం పలచబడితే పళ్ళరసాలు, తీపి తగ్గించండి. ఐరన్ చుక్కలు వేస్తుంటే మలం నల్లగా, బీట్‌రూట్ తింటే ఎర్రగా రావడం చూసి హడలిపోకండి. వారానికోసారి అంగన్‌వాడీలో బరువు తూయించి రాసిపెట్టుకోండి. నోటికి సరిగ్గా తింటున్నాడా లేదా అన్న ఇంటిల్లిపాది తగువు ఆ అంకెతో తీరిపోతుంది.

ఇలియాస్టమీ ఉంది. ఓఆర్ఎస్ బదులు కొబ్బరినీళ్ళు ఇవ్వొచ్చా?

చిన్నపేగు దారిలోంచి నీళ్ళతో పాటు ఉప్పు (సోడియం) ఎక్కువగా పోతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. కాబట్టి అది ఓఆర్ఎస్‌కి బదులు కాదు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి, సగం పొడి ఇప్పుడు, సగం రేపు అంటే పాళ్ళు తప్పుతాయి. కలిపినది 24 గంటల తర్వాత పారబోయండి. దుకాణాల్లో అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. కళ్ళు లోతుకుపోవడం, నోరెండడం, గంటలకొద్దీ ఉచ్చ పోయకపోవడం, మగతగా ఉండడం కనిపిస్తే నోటితో ఇచ్చేది చాలదు, సెలైన్ ఎక్కించాలి.

ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళొచ్చా? మురీ మిక్చర్ అడుగుతున్నాడు.

తీసుకెళ్ళండి, నాలుగు గోడల మధ్య నెలల తరబడి కూర్చోబెడితే వాడికీ మీకూ పిచ్చెక్కుతుంది. వెళ్ళేముందు బ్యాగు ఖాళీ చేసి, పైన బనీను బిగుతుగా తొడగండి, ఇసుక దూరితే జిగురు లేచిపోతుంది. మురీ మిక్చర్‌లో పల్లీలు, బండిమీద కాల్చిన మొక్కజొన్న పొత్తు ఇలియాస్టమీ పిల్లలకి వద్దు. సరిగ్గా నమలని గింజలు ఆ సన్నటి దారికి అడ్డంపడతాయి. సంచి మూసేసి, మామూలు తిండికి డాక్టర్ ఒప్పుకున్నాక మరమరాలు తినొచ్చు. పచ్చి ఉల్లిపాయ, బండి దగ్గరి నీళ్ళు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగనివ్వండి.

## సంచి మూసేసి, కిందినుంచి మలం రావడం మొదలయ్యాక

రోజుకి పదిసార్లు పైనే అవుతోంది. కింద చర్మం ఊడిపోయి నెత్తురు కారుతోంది. ఆపరేషన్ ఫెయిలైందా?

ఫెయిల్ కాలేదు. మలాన్ని నిలవ ఉంచే చోటు పోయింది, పేగు కొత్త పని నేర్చుకుంటోంది. వారాల్లో, ఒక్కోసారి నెలల్లో సార్లు తగ్గుతాయి. ఆ చర్మమేమో ఇన్నాళ్ళూ మలం తగలక పసిచర్మంగానే ఉండిపోయింది. అందుకే అంత మంట.

పుండు పడ్డాక మందు వెతకడంకన్నా, కిందినుంచి మొదటి మలం రాకముందే క్రీమ్ మొదలుపెట్టడం మేలు. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న క్రీమ్ తీసుకుని, చర్మం రంగు కనబడనంత మందంగా పూయండి. మలం అయిన ప్రతిసారీ మొత్తం క్రీమ్ తోమి తీసేయకండి. పైన మురికైన పొరమాత్రం గోరువెచ్చటి నీళ్ళతో, దూదితో తియ్యండి, కింద పొర అలాగే ఉండనిచ్చి దానిమీద మళ్ళీ పూయండి. తుడవొద్దు, అద్దండి. సబ్బు, పౌడరు, వాసన వైప్స్ పక్కన పెట్టెయ్యండి. ఒక టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి కూర్చోబెడితే మంట తగ్గుతుంది. రోజులో కొంతసేపు రబ్బరు షీటు మీద పాత దుప్పటి వేసి, ఏమీ తొడక్కుండా బోర్లా పడుకోబెట్టండి. చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు వేరువేరుగా కనిపిస్తే అది ఫంగస్ కావొచ్చు, దానికి మందు వేరు, చూపించాలి.

మలద్వారంలో రాడ్డు పెట్టి వెడల్పు చెయ్యమన్నారు. నా చేత్తో నేను చెయ్యలేను.

పేగు కుట్టిన చోట మచ్చ కట్టి ఇరుకవకుండా చేసే పని ఇది. అందరు సర్జన్లూ అందరికీ చెప్పరు. చెప్పినవాళ్ళు సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకి మొదటిసారి తామే చేసి, సరైన సైజు చూపించి, తర్వాత మీ చేత చేయిస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు పొట్టకి ఆనించి, డైలేటర్‌కి జెల్లీ బాగా రాసి, చూపించినంత లోతే పెట్టండి. రోజూ ఒకే వేళకి, ఒకరు చేస్తుంటే ఇంకొకరు పాట పాడుతూ ముఖం దగ్గర ఉండండి. జెల్లీకి నెత్తురు చార అంటితే కంగారు లేదు. ధారగా వచ్చినా, నిన్న పట్టిన సైజు ఇవాళ పట్టకపోయినా బలవంతం చెయ్యకుండా ఫోన్ చెయ్యండి. సైజు మీ అంతట మీరు పెంచకండి. ఏడుస్తున్నాడని వారం మానేస్తే ఇరుకు మళ్ళీ మొదటికొస్తుంది.

రెండ్రోజులుగా మోషన్ లేదు. ఆముదం పట్టమంటున్నారు, లేకపోతే ఎనిమా ఇద్దామా?

రెండూ వద్దు. కొత్త అతుకున్న పేగులో, సర్జన్ ఒప్పుకోకుండా, ఎనిమా గొట్టం, సపోజిటరీ, జ్వరం చూసే థర్మామీటర్ ఏదీ కిందినుంచి పెట్టకూడదు. ఆముదం పేగుని మెలిపెట్టి నొప్పి తెస్తుంది. పొట్ట మెత్తగా ఉండి, గ్యాస్ పోతూ, తింటూ ఉంటే మర్నాడు అడిగి మందు మొదలుపెట్టొచ్చు. పొట్ట బిగిసి ఉంటే ఆ రోజే చూపించాలి.

## ఎప్పుడు పరిగెత్తాలి

జ్వరం వచ్చింది, నీళ్ళ విరేచనాలు, పొట్ట ఉబ్బింది. మామూలు విరేచనాలేనా?

హిర్ష్‌స్ప్రంగ్ పిల్లాడికి ఈ మూడూ కలిసి వస్తే మామూలు అనుకోకండి. ఎంటెరోకొలైటిస్ అంటారు, పేగుకి వచ్చే తీవ్రమైన వాపు. ఆపరేషన్ బాగా జరిగినా రావొచ్చు, మొదటి ఒకటి రెండేళ్ళలో ఎక్కువ. విరేచనం తన్నుకుంటూ, భరించలేని కంపుతో వస్తుంది. పిల్లాడు మందకొడిగా అయిపోతాడు, ఆడే బొమ్మవైపు కూడా చూడడు. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రిలో సెలైన్, యాంటీబయాటిక్స్, సెలైన్ నీళ్ళతో పేగు కడగడం చేస్తారు, వేళకి వెళ్తే చాలామంది బాగా కోలుకుంటారు. విరేచనాలు కట్టే మాత్రలు ఈ పిల్లలకి ఇవ్వకూడదు, లోపలి విషం లోపలే ఉండిపోతుంది. వీధి చివర క్లినిక్‌లో చూపించాల్సి వస్తే, అడగకముందే మొదటి వాక్యంగా "వీడికి హిర్ష్‌స్ప్రంగ్, ఫలానా నెలలో పేగు ఆపరేషన్ అయింది" అనండి.

నా ఫోన్‌లో ఇప్పటికీ మావాడి పొట్ట ఫొటోలు ఉంటాయి. బాగున్న రోజున పక్కనుంచి తీసినవి. అనుమానం వచ్చిన రోజు పక్కన పెట్టి చూసుకుంటే ఉబ్బు తెలిసిపోతుంది. బొడ్డు మీదుగా టేపుతో కొలిచి రాసుకున్నా సరే.

పాడేరు ఘాట్‌లో బస్సులో వాంతి చేసుకున్నాడు. అది ప్రయాణానికా, పేగుకా?

తిన్నది తిన్నట్టు కక్కి, బస్సు దిగి గాలి తగిలాక తేరుకుని ఆడుకుంటే ప్రయాణానికే. ఆకుపచ్చగా, గోరింటాకు రసంలా వస్తే ఘాట్ రోడ్డుకి అంటగట్టకండి. పేగు ఎక్కడో మూసుకుపోయిందని దాని అర్థం కావొచ్చు. పొట్టలో ఏ ఆపరేషన్ అయినా లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కునే అవకాశం ఉంటుంది, నెలల తర్వాతైనా ఏళ్ళ తర్వాతైనా అడ్డం పడొచ్చు. ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బు, గ్యాస్ కూడా పోకపోవడం కనిపిస్తే నోటికి ఏమీ ఇవ్వకుండా బయల్దేరండి.

కుట్టు దగ్గర ఎర్రగా ఉంది.

అంచున సన్నటి ఎరుపు మామూలే. ఎరుపు పాకుతున్నా, వేడిగా గట్టిగా తగిలినా, చీము వచ్చినా, జ్వరం ఉన్నా అదే రోజు చూపించండి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు పెట్టకండి.

అర్ధరాత్రి అయితే ఎక్కడికి వెళ్ళాలి?

వీలైతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే, మీ కేసు వాళ్ళకి తెలుసు. లేకపోతే పిల్లల సర్జన్ ఉన్న చోటికి. మహారాణిపేటలో కేజీహెచ్‌కి పిల్లల సర్జరీ విభాగం ఉంది, క్యాజువాలిటీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అరకు, పాడేరు వైపు నుంచి అయితే ముందు దగ్గరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి, ఆ తర్వాత కిందికి దిగండి. ఒంట్లో నీరు ఇంకిపోయిన పిల్లాడికి గంటల ప్రయాణం ప్రమాదం. 108 ఉచితం. తెల్లవారనిద్దాం అనే మాట పెద్దవాళ్ళ జబ్బుల్లో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

## డబ్బు, కాగితాలు

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, చేర్చకముందే అక్కడ కనుక్కోండి. విడతల్లో చేసే ఆపరేషన్ అయితే ప్రతి విడతకీ విడిగా అనుమతి కావాలి, ఒకసారి వచ్చింది కదా అని ధీమాగా ఉండకండి. పిల్లాడి పేరు కార్డులో ఎక్కలేదన్న ఇబ్బంది చాలామందికి వస్తుంది, జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకుని ఆ పని ముందే మొదలుపెట్టండి. బ్యాగులు, క్రీములు, దారి ఖర్చులు, తోడున్నవాళ్ళ భోజనం మీ చేతినుంచే పడతాయని లెక్క వేసుకోండి.

ఏ కాగితాలు దాచాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు. ఎక్స్‌రేలు పోయినా మళ్ళీ తీస్తారు, బయాప్సీ రిపోర్టు పోతే ఎక్కడిదాకా నాడీకణాలు లేవో చెప్పే కాగితం పోయినట్టే. మూడింటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

## నెలలు గడిచి, ఏళ్ళు వచ్చాక

నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా నిక్కర్లోనే అయిపోతోంది. కొట్టినా మారట్లేదు.

కొట్టకండి, వాడికి తెలిసి జరగట్లేదు. దీనికి రెండు వేరువేరు కారణాలుంటాయి. ఒకటి, లోపల గట్టి మలం పేరుకుపోయి దాని పక్కనుంచి పలచటిది కారడం. రెండోది, పేగు మరీ వేగంగా కదిలి నిలవ ఉంచుకోలేకపోవడం. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి గానీ మందులు పూర్తిగా ఎదురు. మొదటిదానికి విరేచనం సాఫీగా అయ్యే మందు, రెండోదానికి నెమ్మది చేసే మందు, తిండి మార్పు. ఏదో తేల్చడానికి డాక్టర్ చేత్తో పరీక్షించి, కావాలంటే ఎక్స్‌రే తీస్తారు. కాబట్టి పక్కింటివాళ్ళకి పనిచేసిన సిరప్ మీకు కొనకండి.

ఇంట్లో చెయ్యగలిగింది: అన్నం తిన్న పావుగంటకి, కాళ్ళ కింద పీట వేసి, అయిదు పది నిమిషాలు కమోడ్‌మీద కూర్చోబెట్టండి. తిన్నాక పేగు సహజంగానే కదులుతుంది. అయినా కాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకోండి.

బడిలో టీచర్‌కి చెప్పాలా? పిల్లలు ఏడిపిస్తారేమో.

టీచర్‌కి చెప్పండి, క్లాసుకి చెప్పనక్కర్లేదు. అడక్కుండా బాత్రూమ్‌కి వెళ్ళే అనుమతి, సంచిలో ఇంకో జత నిక్కరు, ఒక కవరు ఉంటే చాలు. డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకుంటే టీచర్లు మారినా పని జరుగుతుంది.

గ్రహణంలో బయటికి వెళ్ళినందుకా ఇలా అయింది? మాది మేనరికం కూడా.

గ్రహణానికి సంబంధం లేదు. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు నాడీకణాలు పేగు పైభాగం నుంచి కిందికి ప్రయాణం చేస్తాయి, 12వ వారం నాటికి చివరికి చేరాలి. దారిలో ఆగిపోతే కింది భాగం ఖాళీగా ఉండిపోతుంది. అప్పటికి మీరు కడుపుతో ఉన్న సంగతి సగం చుట్టాలకి చెప్పి కూడా ఉండరు. కొందరిలో ఆర్ఈటీ అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది, చాలామందిలో ఫలానా కారణమని వేలెత్తి చూపలేరు. మేనరికమైనా కాకపోయినా తల్లినో తండ్రినో దోషిగా నిలబెట్టడానికి ఆధారమేమీ లేదు. ఈ ప్రశ్న నన్నడిగే ఆడవాళ్ళలో ఎక్కువమంది వెనక ఎవరో గుచ్చి పంపించి ఉంటారు. వాళ్ళకి ఈ పేరా చదివి వినిపించండి.

తర్వాతి బిడ్డకి కూడా వస్తుందా?

రాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ మామూలు కుటుంబాలకన్నా మీకు ముప్పు కాస్త ఎక్కువ, మొదటి బిడ్డకి పేగులో పొడుగాటి భాగం దెబ్బతిని ఉంటే ఇంకొంచెం ఎక్కువ. గర్భం వచ్చినప్పుడు డాక్టర్‌కి ఈ సంగతి చెప్పండి, పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోండి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు అందరూ మొదటి 24 గంటల్లో నల్లటి మొదటి మలం పోస్తారు. మీ బిడ్డ పోయకపోతే, "కొందరికి ఆలస్యమవుతుందిలే" అని ఎవరన్నా వినకండి. పొట్ట ఉబ్బడం, పాలు కక్కడం మొదలుకాకముందే పెద్దవాడి బయాప్సీ రిపోర్టు తీసుకుని పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్ళండి.